అమెరికా నగరాల్లో మంచి స్పానిష్ రెస్టారెంట్‌ను, టపాస్ బార్‌ను ఎంచుకోవడం: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఉంటున్న తెలుగు మిత్రులు ఒకే ప్రశ్నను పదే పదే అడుగుతున్నారు. నాలుగున్నర స్టార్లు చూసి ఒక స్పానిష్ రెస్టారెంట్‌కు వెళ్తే రంగు కలిపిన పసుపు అన్నం, ఫ్రిజ్‌లోంచి తీసిన క్రొకేతాలు (రొట్టెపొడి అద్ది వేయించే మెత్తటి ఉండలు), సాంగ్రియా (పండ్ల ముక్కలు కలిపిన వైన్) జగ్గు తప్ప ఏమీ దొరకలేదని, ముందుగానే మంచి చోటును గుర్తుపట్టే మార్గం ఏమిటని వారు అడుగుతున్నారు. మార్గం ఉంది. అందులో ముఖ్యమైన భాగం ఇల్లు కదలకముందే, మెనూ చదవడంతోనే పూర్తవుతుంది. కింద చెప్పిన క్రమంలో వెళ్తే ఒక సాయంత్రం, కొంత డబ్బు వృథా కాకుండా ఉంటాయి.

## 1. ముందుగా మీరు వెతుకుతున్నదేమిటో తేల్చుకోండి

అమెరికాలో "స్పానిష్ ఫుడ్" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. న్యూయార్క్ వంటి నగరాల్లో ఆ బోర్డు ఉన్న చాలా చోట్ల డొమినికన్, ప్యూర్టోరికన్ వంటలు వడ్డిస్తారు. అన్నం, చిక్కుడు గింజలు, వేయించిన అరటి, కాల్చిన పంది మాంసం అక్కడ బాగుంటాయి కానీ అవి స్పెయిన్ దేశపు వంటలు కావు.

తాగేదానితోపాటు తినే చిన్న వంటకాలకు స్పెయిన్‌లో వాడే "టపాస్" అనే మాటకూ ఇదే గతి పట్టింది. చిన్న పళ్లెంలో ఏది పెట్టినా టపాస్ అనే అలవాటు అమెరికాలో వచ్చింది. హమ్మస్, స్లైడర్లు, నాచోలు ఒకే వరుసలో కనిపిస్తే అది చిన్న పళ్లేల రెస్టారెంట్ అని అర్థం.

స్పెయిన్‌లోనూ ఒక ప్రాంతపు వంట మరో ప్రాంతపు వంటను పోలి ఉండదు. గుంటూరు వంటకూ గోదావరి జిల్లాల వంటకూ ఉన్నంత తేడా అక్కడా ఉంది. ఈ కాస్త గుర్తుపెట్టుకుంటే మెనూ చదవడం తేలికవుతుంది:

- గలీసియా: ఉడికించిన ఆక్టోపస్, దానిపై ఆలివ్ నూనె, మిరప పొడి, డబ్బాల్లో నిల్వ చేసిన సముద్రపు ఆహారం.
- బాస్క్ ప్రాంతం: రొట్టెపైనో పుల్లకు గుచ్చో వడ్డించే పించోలు, ఎత్తునుంచి గ్లాసులోకి పోసే చాకొలీ అనే తెల్ల వైన్.
- అస్తూరియాస్: ఫబాదా అనే తెల్ల చిక్కుడు గింజల పులుసు, ఆపిల్ సైడర్.
- కాటలోనియా: టొమాటో రుద్దిన రొట్టె, కాల్చిన కూరగాయల ఎస్కలివాదా, ఎర్ర మిరప, బాదంతో చేసే రొమెస్కో సాస్.
- వాలెన్సియా: పాయేయా, ఇతర అన్నపు వంటకాలు.
- అందలూసియా: చల్లటి సూపులు, చేపల వేపుళ్లు, మద్యం కలిపి బలం పెంచిన షెర్రీ అనే వైన్.

## 2. నగరాల వారీగా ఎక్కడ మొదలుపెట్టాలి

కింద పేర్కొన్నవి వెతుకులాట మొదలుపెట్టడానికి పనికివచ్చే చోట్లు. పనివేళలు, వంటవాళ్లు మారుతూ ఉంటారు కనుక వెళ్లే వారంలోనే ఒకసారి సరిచూసుకోవాలి.

న్యూయార్క్, న్యూజెర్సీ. మాన్‌హట్టన్ 14వ వీధిలో, 1868లో ఏర్పడిన స్పానిష్ బెనెవొలెంట్ సొసైటీ భవనంలో లా నాసియొనాల్ అనే రెస్టారెంట్ ఉంది. హడ్సన్ యార్డ్స్‌లో 2019లో తెరిచిన మెర్కాడో లిటిల్ స్పెయిన్‌లో వేర్వేరు కౌంటర్లు ఉన్నందున, ఒక్కో రుచిని కొద్దికొద్దిగా చూసి తెలుసుకోవాలనుకునేవారికి అది మంచి బడి. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు మాన్‌హట్టన్‌దాకా పోయే పని కూడా లేదు. నార్త్‌ఈస్ట్ కారిడార్ రైల్లో న్యూవార్క్ పెన్ స్టేషన్‌లో దిగితే పక్కనే ఐరన్‌బౌండ్ పేట ఉంది. అక్కడ పోర్చుగీసు, స్పానిష్ వంటలు కలిసి ఉంటాయి, పళ్లేలు పెద్దవిగా ఉంటాయి. టపాస్ కంటే కుటుంబ భోజనానికి ఆ పేట బాగా నప్పుతుంది.

వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, బోస్టన్. స్పెయిన్‌లో పుట్టిన ప్రముఖ వంటవాడు హోసే ఆంద్రెస్ పేరుతో ముడిపడిన హలేయో అనే రెస్టారెంట్ 1993లో వాషింగ్టన్‌లో మొదలైంది. ఫిలడెల్ఫియాలో అమాదా, బోస్టన్‌లో టోరో రెండూ 2005లో మొదలయ్యాయి.

షికాగో. 1985లో తెరిచిన కఫే బా-బా-రీబా మొదటిసారి వెళ్లేవారికి, పిల్లలున్న కుటుంబాలకు అనువైనది.

దక్షిణాది. నార్త్ కరోలైనాలోని ఆష్‌విల్ చిన్న ఊరే అయినా, 2011లో మొదలైన కూరాతే కోసం దూరం నుంచి ప్రయాణం చేసి వెళ్లేవారున్నారు. హ్యూస్టన్‌లో బీసీఎన్ టేస్ట్ అండ్ ట్రెడిషన్‌కు 2024లో మిషెలిన్ స్టార్ వచ్చింది. అది ప్రత్యేక సందర్భాలకు తగిన చోటు. ఫ్లోరిడాలోని టాంపాలో, ఈబోర్ సిటీలో 1905 నుంచి నడుస్తున్న కొలంబియా వంట స్పానిష్, క్యూబన్ రుచుల కలయిక అని తెలిసి వెళ్లాలి.

ఐడహో, నెవాడా. గొర్రెల కాపరులుగా వచ్చిన బాస్క్ కుటుంబాల వల్ల బాయిసీ నగరంలో ఒక బాస్క్ వీధి నిలిచింది. నెవాడాలోని ఎల్కోలో 1910 నాటి స్టార్ హోటల్ ఉంది. ఇక్కడ పించోలను ఆశించకూడదు. కాపరుల వసతిగృహాల్లో పుట్టిన భోజనం ఇది. పెద్ద గిన్నెల్లో సూపు, చిక్కుడు గింజలు, తర్వాత మాంసం బల్ల మీదకు వస్తాయి, అందరూ పంచుకుని తింటారు.

మీ ఊరు ఈ జాబితాలో లేకపోతే రెండు పనులు చేయండి. మొదటిది, ఫోన్‌లో "స్పానిష్ రెస్టారెంట్" అని వెతకకుండా వంటకం పేరుతో, అంటే క్రొకేతాస్, బోకెరోనెస్ (వెనిగర్‌లో ఊరవేసిన ఆంచోవీ చేపలు), చాకొలీ వంటి మాటలతో వెతకండి. ఈ పేర్లు మెనూలో ఉన్న చోట్లే పైకి వస్తాయి. రెండవది, స్పానిష్ వైన్లు ఎక్కువగా ఉంచే దుకాణంలో షెర్రీ కొనే రెస్టారెంట్లు ఊళ్లో ఏవని అడగండి. ఈ రెండవ మార్గం నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు.

## 3. మెనూను ఇంట్లోనే చదవండి

ఈ మెట్టు మీదే ఎక్కువ సమయం పెట్టమని కోరుతున్నాను. రెస్టారెంట్ వెబ్‌సైట్‌లో ఉన్న మెనూను పది నిమిషాలు శ్రద్ధగా చదివితే వంటగది ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.

హామ్‌ను ఎలా పేర్కొన్నారో చూడండి. ఉప్పులో ఊరవేసి నెలల తరబడి ఆరబెట్టే పంది తొడ మాంసం ఇది. "హమోన్" అని మాత్రమే రాస్తే ఏమీ చెప్పనట్టే. సెర్రానో (సాధారణ తెల్ల పందులది), ఇబెరికో (ఇబెరికో జాతి పందులది) అని విడదీసి రాయాలి. ఇబెరికోకు స్పెయిన్‌లో నాలుగు రంగుల ముద్రలున్నాయి. నలుపు నూరు శాతం ఇబెరికో జాతి పందికి, అదీ ఓక్ గింజలు మేసినదానికి వేస్తారు. ఎరుపు ఓక్ గింజలు మేసిన సంకర జాతికి, ఆకుపచ్చ బయట తిరుగుతూ దాణా తిన్నదానికి, తెలుపు దొడ్డిలో పెంచినదానికి. అమెరికాలోకి ఇబెరికో హామ్ చట్టబద్ధంగా రావడం 2007 చివర్లోనే మొదలైంది. ధర ఎక్కువే కాబట్టి ఏ ముద్రదో అడిగే హక్కు మీకుంది. కత్తితో పలచగా కోసి, గది ఉష్ణోగ్రత వద్ద, కొవ్వు మెరుస్తుండగా వడ్డించాలి.

డబ్బా చేపలను తక్కువగా చూడకండి. మస్సెల్స్, సార్డీన్లు, ఆంచోవీలు డబ్బాతో సహా బల్ల మీదకు వస్తే మనకు వింతగా ఉంటుంది. స్పెయిన్‌లో, ముఖ్యంగా గలీసియాలో, ఇది గౌరవమైన సరుకు. వీటికి మెనూలో విడిగా చోటు ఇచ్చినవారికి స్పెయిన్ సరుకు తెలుసునని భావించవచ్చు.

షెర్రీల వరుస చూడండి. ఫీనో, మన్సనీయా, అమోంతియాదో, ఒలొరోసో అని విడివిడిగా ఉంటే మంచి సంకేతం. మీరు మద్యం తాగకపోయినా ఈ పరీక్ష పనిచేస్తుంది. ఫీనో, మన్సనీయా సీసా తెరిచాక కొద్ది రోజుల్లోనే రుచి కోల్పోతాయి. వాటిని గ్లాసుల లెక్కన అమ్ముతున్నారంటే అడిగేవాళ్లు ఉన్నారని, అంటే ఆ రుచులు తెలిసినవారు అక్కడికి వస్తున్నారని అర్థం.

రుతువును చూడండి. కాల్చి తినే కాల్సోత్ ఉల్లికాడలు చలికాలం చివర్లో వస్తాయి. ఏడాది పొడుగునా ఒకే మెనూ ఉన్న చోటు కంటే ఇలాంటి మార్పులు కనిపించే చోటు మేలు.

ఇంటి నుంచే చేయగల పరిశీలన ఇది:

- మెనూలో కనీసం రెండు, మూడు ప్రాంతాల లేదా ఊళ్ల పేర్లు ఉన్నాయా?
- తోర్తియా ఎస్పన్యోలా, అంటే బంగాళాదుంపల మందపాటి ఆమ్లెట్, ఉందా?
- టొమాటో రుద్దిన రొట్టె వంటి అతి సాదా వంటకానికి చోటుందా?
- పాయేయా పక్కన ఎంత సమయం పడుతుందో రాశారా?
- కేసదియా, గ్వాకమోలీ, హలపీన్యో ఉన్నాయా? ఉంటే అది మరో దేశపు వంట.

సమీక్షలను తిరగేసి చదవండి. "పళ్లేలు చిన్నవి" అనే ఫిర్యాదును లెక్కచేయనక్కరలేదు, టపాస్ చిన్నవే. "పాయేయా అడుగు మాడింది" అని ఎవరైనా కోప్పడితే నేను ఆ చోటును గుర్తుపెట్టుకుంటాను. పళ్లెం అడుగున కరకరలాడుతూ పట్టే పొరను వాలెన్సియావాళ్లు సొకర్రాత్ అంటారు, దానికోసం పోటీపడతారు. చిన్నప్పుడు అన్నం గిన్నె అడుగున మాడు గీకి తిన్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అయితే చేదెక్కిందని రాస్తే అది నిజంగా మాడినట్టే. సేవ గురించిన మాటలకంటే గత మూడు నెలల ఫోటోలు ఎక్కువ పనికివస్తాయి. తోర్తియా కోసిన ముఖం, పాయేయా మందం అందులో కనబడతాయి.

## 4. ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగండి

రద్దీ లేని వేళ, అంటే మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య ఫోన్ చేయండి.

1. క్రొకేతాలు అక్కడే చేస్తారా, తయారుగా కొంటారా?
2. పాయేయా ఆర్డరిచ్చాకే వండుతారా, ఎంతసేపు పడుతుంది?
3. బార్ కౌంటర్ దగ్గర పూర్తి మెనూ దొరుకుతుందా?

జవాబు ఏమిటన్నదానితోపాటు జవాబు వచ్చే తీరును కూడా గమనించండి. వంటగదిని గౌరవించే చోట ఈ ప్రశ్నలకు ఉత్సాహంగా సమాధానం చెబుతారు.

## 5. మొదటిసారి ఇద్దరే, మంగళవారమో బుధవారమో, కౌంటర్ దగ్గర

కొత్త చోటుకు మొదటిసారే పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లడం పెద్ద పొరపాటు. శనివారం రాత్రి ఏ వంటగదైనా ఒత్తిడిలో ఉంటుంది. వారం మధ్యలో కౌంటర్ దగ్గర కూర్చుంటే హామ్ కోసే తీరు, వేపుడు ఎంత వేడిగా బయటికి వస్తున్నదీ కళ్లారా చూడవచ్చు. సోమవారం మూసి ఉంచే చోట్లు చాలా ఉన్నందున ముందే చూసుకోవాలి.

## 6. ఆర్డర్ ఇచ్చే క్రమం

అన్నీ ఒకేసారి చెప్పకండి. అలా చెబితే అన్నీ ఒకేసారి వస్తాయి, చిన్న బల్ల నిండిపోతుంది, వేడివి చల్లారిపోతాయి. ఇద్దరికి మొత్తం ఆరేడు పళ్లేలు సరిపోతాయి. వాటిని మూడు విడతలుగా చెప్పండి.

మొదటి విడత: పరీక్ష. టొమాటో రొట్టె, తోర్తియా, ఆలివ్‌లు. రొట్టె కరకరలాడాలి, టొమాటో తాజాగా ఉండాలి, ఆలివ్ నూనె వాసన తెలియాలి. తోర్తియా గది ఉష్ణోగ్రత వద్ద ఉన్నా తప్పులేదు. మధ్యలో కాస్త తడిగా, మెత్తగా ఉండాలి, మైక్రోవేవ్‌లో వేడిచేసిన రబ్బరు సాగుడు ఉండకూడదు. గుడ్డు పచ్చిగా ఉండకూడదనుకునే గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు బాగా ఉడికినదే కావాలని ముందే చెప్పాలి.

ఈ మూడింటిలో రెండు బాగోలేకపోతే అక్కడితో ఆపి బిల్లు అడగండి. వంద డాలర్ల భోజనం చేసి బాధపడటం కంటే అది నయం.

రెండవ విడత: వేడివి. క్రొకేతాలు, వెల్లుల్లి రొయ్యలు, పాద్రోన్ మిరపకాయలు. క్రొకేతా పైపెంకు పలచగా, లోపల బెషమెల్ (పాలు, పిండి, వెన్నతో చేసే చిక్కటి సాస్) జారుతున్నట్టుగా ఉండాలి. రొయ్యలు మట్టిపాత్రలో నూనె ఇంకా చిటపటలాడుతుండగా రావాలి.

మూడవ విడత: ఆ చోటు ప్రత్యేకత. ఆక్టోపస్ కావచ్చు, మాంసం కావచ్చు. పాయేయా కావాలంటే మాత్రం కూర్చున్న వెంటనే చెప్పాలి, ఆ నియమాలు కింద ఉన్నాయి. ఏది బాగుంటుందని సర్వర్‌ను ఈ దశలోనే అడగండి, అప్పటికి మీ ఇష్టం వారికి కొంత అర్థమై ఉంటుంది.

కారం గురించి ఒక మాట. మన నాలుకకు స్పానిష్ వంట మొదట చప్పగా తోచవచ్చు. అక్కడి పిమెంతోన్ అనే మిరప పొడి చాలావరకు రంగుకు, పొగ వాసనకు వాడేదే. పాద్రోన్ మిరపల్లో కూడా ఎప్పుడో ఒకటి మాత్రమే ఘాటుగా తగులుతుంది. హాట్ సాస్ అడగడానికి ముందు నూనె, వెల్లుల్లి, ఉప్పు కలిసిన రుచిని నాలుగు ముద్దలపాటు గమనించమని నా విన్నపం.

## 7. పాయేయాకు విడి నియమాలు

- కూర్చున్న వెంటనే ఆర్డర్ ఇవ్వాలి. వండటానికి సుమారు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. పది నిమిషాల్లో వస్తే అన్నం ముందే ఉడికించి పెట్టుకున్నట్టు.
- చాలాచోట్ల కనీసం ఇద్దరికి చేస్తారు. అది సరైన పద్ధతే.
- వెడల్పాటి లోతులేని ఇనుప పళ్లెంలో, పలచని పొరగా రావాలి. గుట్టగా పోసిన అన్నం పాయేయా కాదు.
- రకం అడిగితే బోంబా అనో కలస్పార్రా అనో చెప్పాలి. పొట్టి గింజ, నీరు బాగా పీల్చుకుంటుంది. మన సోనా మసూరిలా పొడిపొడిగా ఉండాలని ఆశించకూడదు.
- చోరిసో సాసేజ్ వేసిన పాయేయాను వాలెన్సియావాళ్లు ఒప్పుకోరు. అక్కడి పాత పద్ధతిలో కోడి, కుందేలు మాంసం, చిక్కుళ్లు పడతాయి.

అన్నం బదులు పొట్టి సేమ్యాతో చేసే ఫిదెవా అనే వంటకం మెనూలో ఉంటే ఒకసారి తెప్పించుకోండి. అమెరికాలో అది దొరికే చోట్లు తక్కువ.

## 8. శాకాహారులు, మాంసం విషయంలో నియమాలున్నవారు తెలుసుకోవలసినవి

మా అత్తగారు శాకాహారి. ఒకసారి ఆమెకోసం కూరగాయల పాయేయా చెప్పాం. సగం తిన్నాక, అందులో పోసింది కోడి మాంసం ఉడికించిన నీళ్లని సర్వర్ మాటల్లో బయటపడింది. ఆమె ఒక్క మాటా అనకుండా చెంచా పక్కన పెట్టారు. ఆ రాత్రి నుంచి నేను "వెజిటేరియనా?" అని అడగడం మానేశాను. దేనితో ఉడికించారు, దేనిలో వేయించారు, పైన ఏమి చల్లుతారు అనే మూడు ప్రశ్నలే అడుగుతున్నాను.

గుడ్డు తినని శాకాహారులు కూడా అడిగి తీసుకోదగినవి:

- ఎస్కలివాదా: కాల్చిన వంకాయ, క్యాప్సికం. వంకాయ కాల్చి పచ్చడి చేసుకునే మనకు ఆ వాసన పరిచయమే. పైన ఆంచోవీ వేయవద్దని చెప్పాలి.
- పాలకూర, శనగలు: సెవీయా వంటకం, జీలకర్ర పడుతుంది.
- అహోబ్లాంకో: బాదం, వెల్లుల్లి, రొట్టెతో చేసే చల్లటి సూపు.
- బెల్లపు పాకంలాంటి చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు. వేపుడు నూనె విడిగా ఉందో లేదో అడగాలి.
- పాద్రోన్ మిరపలు, టొమాటో రొట్టె, గస్పాచో అనే చల్లటి టొమాటో సూపు.

శాకాహారంలా కనిపించి మోసపుచ్చేవి:

- సల్మొరేహో: టొమాటో సూపే, కానీ పైన హామ్, గుడ్డు తురుము చల్లుతారు.
- పతాతాస్ బ్రావాస్: బంగాళాదుంప ముక్కల వేపుడే, కానీ పైన పోసే సాస్‌లో మాంసం ఉడికించిన నీరు ఉండవచ్చు. తెల్లటి వెల్లుల్లి సాస్ అలియోలిలో సాధారణంగా గుడ్డు ఉంటుంది.
- క్రొకేతాలు: పుట్టగొడుగులవని రాసినా, హామ్ క్రొకేతాలు వేయించిన నూనెలోనే వేయించవచ్చు.
- మాంచెగో జున్ను: సంప్రదాయంగా పాలను గడ్డకట్టించడానికి జంతువుల కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు.
- పోల్వొరోన్ బిస్కట్లు: పంది కొవ్వుతో చేస్తారు.

పంది మాంసం తిననివారికి అసలు చిక్కు పేర్లతోనే. సెక్రెతో, ప్రెసా, ప్లూమా అనే మాటలు ఇబెరికో పంది మాంసపు కోతల పేర్లు, పక్కన "పంది" అని రాయకపోవచ్చు. లోమో, పాన్సెతా, సొబ్రసాదా, బుతిఫర్రా, మోర్సియా కూడా సాధారణంగా పందివే. అల్బోందిగాస్ అనే మాంసపు ఉండల్లో తరచుగా రెండు మాంసాలు కలుపుతారు. గొడ్డు మాంసం తిననివారు తెర్నెరా, బువే, చులెతోన్, రాబో దె తోరో అనే పేర్లను గుర్తుంచుకోవాలి. పోయో అంటే కోడి, కొర్దేరో అంటే గొర్రెపిల్ల. మద్యం తగలకూడదనుకునేవారు వెల్లుల్లి రొయ్యల్లోనూ షెర్రీయో బ్రాందీయో పోస్తారేమో అడగాలి.

ఈ పేర్లను ఫోన్‌లో రాసి ఉంచుకుంటే బల్ల దగ్గర కంగారు ఉండదు.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

హామ్ చల్లగా, గట్టిగా వచ్చింది. తిప్పి పంపనక్కరలేదు. పది నిమిషాలు బల్ల మీదే ఉంచితే కొవ్వు మెత్తబడి వాసన తేలుతుంది.

ఫీనో చప్పగా, ముదురు రంగులో ఉంది. సీసా ఎప్పుడు తెరిచారో మర్యాదగా అడగండి. వారం దాటితే కొత్త సీసానుంచి పోయమని కోరవచ్చు.

అన్నం గింజ మధ్యలో గట్టిగా ఉంది. పాయేయాలో కాస్త పలుకు ఉండాలి. పళ్లకు పిండిలా తగిలితే మాత్రం చెప్పాలి. తినడం పూర్తయ్యాక చెబితే వారు దిద్దలేరు.

నలుగురికి మూడే క్రొకేతాలు వచ్చాయి. పళ్లెంలో ఎన్ని ముక్కలుంటాయో ముందే అడిగి, మనిషికొకటి వచ్చేలా చేయమనండి. చాలాచోట్ల ఒక ముక్క కలిపి ఆ మేరకు ధర వేస్తారు.

బిల్లు అనుకున్నదానికంటే బాగా పెరిగింది. పళ్లెం ధర చిన్నదిగా కనిపించడం వల్ల ఇలా అవుతుంది. ప్రతి విడత తర్వాత మనసులో కూడుకోండి. హామ్ ధర ఔన్సు లెక్కనా పళ్లెం లెక్కనా అన్నది చూసుకోండి. టిప్పు పద్దెనిమిది నుంచి ఇరవై శాతం వేసుకోవాలి. ఆరుగురు, అంతకుమించి వెళ్తే చాలాచోట్ల బిల్లులోనే కలిపేస్తారు కాబట్టి, రెండోసారి ఇవ్వకుండా ఆ వరుస చదివాకే సంతకం చేయండి.